విదేశంలో స్కూబా డైవింగ్‌కు వెళ్లే ముందు అక్కడి చట్టాలను, ఆచారాలను తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో మాల్దీవులకు, థాయ్‌లాండ్‌కు, బాలికి డైవింగ్‌కు బయలుదేరేవారు తరచూ ఒకే మాట అడుగుతుంటారు: "కార్డు ఉంది, టికెట్లు కొన్నాం, ఇంకేం తెలుసుకోవాలి?" మీ డైవింగ్ కార్డు (శిక్షణ పూర్తయిందని ఇచ్చే ధ్రువపత్రం) మీకు నీటిలోకి దిగడం వచ్చునని మాత్రమే చెబుతుంది. ఏ దేశంలో ఎంత లోతుకు దిగవచ్చో, చేతికి ఏం తొడుక్కోకూడదో, సంచిలో ఏం ఉండకూడదో, ఒడ్డున ఎలా మెలగాలో ఆ కార్డు చెప్పదు. వీటిలో ఏది తప్పినా మీకు జరిమానాతో పోవచ్చు గానీ, మిమ్మల్ని తీసుకువెళ్లిన డైవింగ్ కేంద్రం లైసెన్సు మీదికి కూడా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఈ పనిని ప్రయాణానికి ముందే ఒక వరుసలో పూర్తి చేసుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే మాల్దీవులను ప్రధాన ఉదాహరణగా తీసుకుని, అవసరమైన చోట ఇతర దేశాల సంగతి కూడా చెబుతాను.

కావలసినవి

పాస్‌పోర్టు, డైవింగ్ కార్డు, చేసిన డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్, డైవింగ్‌కు వర్తించే బీమా పత్రం, ఆరోగ్య ప్రకటన పత్రం, మీరు వాడే మందులన్నింటికీ డాక్టరు రాసిన చీటీ, మీటర్లలో లోతు చూపేలా సరిచేసిన డైవ్ కంప్యూటర్ (నీటిలో లోతును, సమయాన్ని చూపే చేతి పరికరం), ఒక పలుచని పొడుగు చేతుల చొక్కా, ఒక లుంగీ. వీటితో పాటు ఒక తెల్ల కాగితం కూడా దగ్గర పెట్టుకోండి. కింది మెట్లలో తెలుసుకున్న ప్రతి విషయాన్ని ఆ ఒక్క కాగితం మీదే రాసుకోవాలి. ఫోనులో రాసుకుంటే పడవ మీద తడి చేతులతో వెతకడం కుదరదు.

1. మీరు దిగబోయేది ఏ నీళ్లలోనో ఖాయం చేసుకోండి

"మాల్దీవులకు వెళ్తున్నాం" అనుకుంటే సరిపోదు. అక్కడ రిసార్టు ద్వీపం, జనం నివసించే స్థానిక ద్వీపం, రాత్రింబవళ్లు సముద్రంలోనే తిరిగే సఫారీ పడవ, ఈ మూడింటికీ పద్ధతులు వేరు. రిసార్టులోనూ సఫారీ పడవలోనూ మద్యం దొరుకుతుంది. స్థానిక ద్వీపంలో అది నిషిద్ధం. రిసార్టులో ఈత దుస్తులతో తీరమంతా తిరగవచ్చు. స్థానిక ద్వీపంలో అందుకోసం కేటాయించిన ఒక్క తీరంలోనే అలా ఉండవచ్చు. వీటి పైన రక్షిత సముద్ర ప్రాంతాల నియమాలు మరో పొరగా ఉంటాయి. బా అటాల్ అనే పగడపు దీవుల వలయంలోని హనిఫారు బే అందుకు మంచి ఉదాహరణ. అక్కడ మంటా రేలు (రెక్కలు చాచినట్టుండే పెద్ద బల్లపరుపు చేపలు) గుంపులుగా చేరతాయి, కానీ సిలిండర్‌తో దిగడానికి అనుమతి లేదు. నీటి పైన తేలుతూ స్నార్కెల్‌తో (ఊపిరి పీల్చుకునే గొట్టంతో) మాత్రమే చూడాలి. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇదే నియమం.

కాగితం మీద మొదటి వరుసలో దేశం, రెండో వరుసలో ద్వీపం లేదా పడవ రకం, మూడో వరుసలో రక్షిత ప్రాంతం పేరు రాయండి. ఇకపై వెతికే ప్రతి నియమమూ ఈ మూడింటిలో దేనికి చెందినదో చూసుకోండి.

2. సంచి సర్దడానికి ముందే కస్టమ్స్ జాబితా చదవండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టును కాస్త విడమరిచి చెబుతాను.

మాల్దీవులు ఇస్లామిక్ దేశం. మద్యం, పంది మాంసపు పదార్థాలు సామానులో తీసుకువెళ్లకూడదు. హైదరాబాద్ విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్న సీసా అయినా రాజధాని మాలేలో కస్టమ్స్ వారు తీసి పెట్టుకుంటారు. పూజకు వాడే విగ్రహాలను కూడా ఆ దేశంలోకి తీసుకురాకూడదన్నది మనవాళ్లకు చాలామందికి తెలియని సంగతి. ప్రయాణం సంచిలో చిన్న వినాయకుడినో వేంకటేశ్వరస్వామినో పెట్టుకోవడం మనకు అలవాటు. అందులో తప్పేమీ లేదు గానీ, ఈ ప్రయాణానికి మాత్రం విగ్రహాన్ని ఇంట్లోనే ఉంచండి. సంచి అడుగున ఎప్పటి నుంచో ఉండిపోయిన చిన్న ప్రతిమలను కూడా ఒకసారి తీసి చూడండి, ఎందుకంటే స్కానర్‌లో కనిపించేవి అవే.

ఈ-సిగరెట్లను, వేపింగ్ సామగ్రిని మాల్దీవులు 2024 చివరి నుంచి పర్యాటకులకు సైతం నిషేధించాయి. థాయ్‌లాండ్‌లోనూ ఇవి నిషిద్ధమే. మన దేశంలోనే 2019లో నిషేధించారు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. అయితే అమెరికా నుంచి, బ్రిటన్ నుంచి నేరుగా వచ్చి మనతో కలిసే బంధువులు వీటిని జేబులోనే పెట్టుకుని దిగుతుంటారు, కాబట్టి వారికి ముందే చెప్పండి.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ముక్కు దిబ్బడ తగ్గి చెవులు సులువుగా సర్దుకోవాలని చాలామంది డైవర్లు జలుబు మాత్రలు దగ్గర పెట్టుకుంటారు. వాటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటే థాయ్‌లాండ్‌లో దానిపై కఠిన నియంత్రణ ఉంది. జపాన్‌లోకి అయితే 10 శాతానికి మించి సూడోఎఫెడ్రిన్ ఉన్న మందులను అసలు తీసుకువెళ్లకూడదు. నొప్పికి వాడే ట్రమడాల్‌తో ఈజిప్టులో పట్టుబడితే జైలు దాకా వెళ్లే వ్యవహారం అవుతుంది. ఎర్ర సముద్రానికి దుబాయ్ మీదుగా వెళ్లేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. గసగసాలు యూఏఈలో నిషిద్ధ వస్తువు. అమ్మ కట్టి ఇచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. దిగే దేశం చట్టం ఒక్కటే చూసి, మధ్యలో విమానం మారే దేశం చట్టాన్ని మరిచిపోవడం చాలా తరచుగా జరిగే తప్పు.

డ్రోన్ గురించి ఒక్క మాట చాలు: అనుమతి పత్రం చేతికి రాకుండా ఏ దేశానికీ తీసుకువెళ్లకండి.

ప్రత్యామ్నాయం: అనుమానం ఉన్న వస్తువు తప్పనిసరి అయితే ఆ దేశ కస్టమ్స్ విభాగానికి ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబును ముద్రించి పాస్‌పోర్టుతో పాటు ఉంచండి. మందులైతే అసలు పెట్టెతో, డాక్టరు చీటీతో కలిపి చేతి సంచిలో పెట్టుకోండి. విడి మాత్రలను డబ్బాలో పోసుకుని వెళ్లకండి.

3. నీటి అడుగున వర్తించే నియమాలు రాసుకోండి

మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు గరిష్ఠ లోతు 30 మీటర్లు. పైకి వచ్చేటప్పుడు డీకంప్రెషన్ కోసం, అంటే ఒంట్లో కరిగిన వాయువు బయటికి పోవడానికి, ఆగవలసి వచ్చే డైవ్‌లకు అనుమతి లేదు. మీ కార్డు మీద 40 మీటర్లని ఉన్నా అక్కడ చెల్లేది 30 మీటర్లే. మీ కంప్యూటర్‌లో లోతు హెచ్చరికను 28 మీటర్ల దగ్గర పెట్టుకోండి. పగడపు దిబ్బల మధ్య కాలువల్లో ప్రవాహం కిందికి లాగినప్పుడు ఆ 2 మీటర్ల తేడా మిమ్మల్ని కాపాడుతుంది. సాధారణంగా మొదటి డైవ్ మీ నైపుణ్యాన్ని పరిశీలించడానికే ఉంటుంది. వందల డైవ్‌లు చేసినవారు కూడా దాన్ని అవమానంగా భావించకూడదు.

ఈజిప్టులోని ఎర్ర సముద్ర రక్షిత ప్రాంతాల్లో చేతి తొడుగులకు అనుమతి లేదు. తొడుగు ఉంటే మనిషి పగడాన్ని పట్టుకోవడానికి వెనుకాడడన్నది దాని వెనుక ఉన్న కారణం. థాయ్‌లాండ్ తన సముద్ర జాతీయ ఉద్యానవనాల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి 4 రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను 2021లో నిషేధించింది. జరిమానా లక్ష బాత్‌ల వరకు ఉంటుంది. పసిఫిక్ ద్వీప దేశమైన పలావ్ అంతకు ముందే, 2020 జనవరి నుంచి, ఇటువంటి నిషేధాన్ని అమలు చేస్తోంది. సీసా వెనుక సన్నని అక్షరాలను చదివి కొనండి. ముందు వైపు "సముద్రానికి హాని చేయదు" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఒంటికి అంటిపెట్టుకునే పొడుగు చేతుల ఈత చొక్కా (రాష్ గార్డ్) తొడుక్కుంటే ఈ బెడద చాలావరకు తీరిపోతుంది.

తేదీలు కూడా చూసుకోవాలి. థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ ద్వీపాలను మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసి ఉంచుతారు. అంటే మన పిల్లల వేసవి సెలవుల్లో సగభాగం దాటితే అక్కడికి వెళ్లలేరు. బాలిలో 'న్యేపి' అనే మౌన దినం నాడు విమానాశ్రయంతో సహా మొత్తం ద్వీపం 24 గంటలు మూతపడుతుంది. పర్యాటకులు కూడా హోటలు దాటి బయటికి రాకూడదు. అది అక్కడి శక సంవత్సరాది కావడం వల్ల చాలా ఏళ్లు మన ఉగాదికి దగ్గరగా వస్తుంది. 2023లో మార్చి 22న రెండూ ఒకే రోజు వచ్చాయి. 2025లో న్యేపి మార్చి 29న, మన ఉగాది మర్నాడు. ఉగాది సెలవు చూసుకుని బాలికి టికెట్ కొనేవారు ఈ ఒక్క తేదీని తప్పక సరిచూసుకోవాలి.

అమెరికాలో ఉంటున్న మనవారికి ఒక గమనిక. ఫ్లోరిడాలో నీటిలో డైవర్ ఉన్నప్పుడు ఎర్రటి నేల మీద తెల్లని ఏటవాలు పట్టీ ఉన్న జెండా ఎగరేయడం చట్టప్రకారం తప్పనిసరి. చాలా ఇతర దేశాల్లో ఇదే పనికి నీలం, తెలుపు రంగుల ఆల్ఫా జెండా వాడతారు. పైకి తేలే ముందు ఏ జెండా కింద తేలాలో తెలిసి ఉండాలి.

4. డైవింగ్ కేంద్రానికి ప్రశ్నలు రాసి పంపండి

ప్రశ్న అడిగే తీరును బట్టే జవాబు వస్తుంది. థాయ్‌లాండ్‌లో, ఇండోనేషియాలో అతిథికి ముఖం మీద "కాదు" అని చెప్పడం మర్యాదగా భావించరు. కాబట్టి "చేతి తొడుగులు వేసుకోవచ్చు కదా?" అని అడిగితే "సరే" అనే జవాబు రావచ్చు. ఆ "సరే"ను అనుమతిగా తీసుకోకండి. అవును, కాదు అన్న జవాబులతో సరిపెట్టలేని విధంగా ఇలా అడగండి:

"చేతి తొడుగుల విషయంలో మీ నియమం ఏమిటి?"
"మేము వచ్చే వారంలో ఏ రోజుల్లో పడవలు నడవవు, ఎందుకు?"
"ఒడ్డు నుంచి పడవ దాకా ఏ దుస్తుల్లో నడవాలి?"
"ఈ చోటికి ఎన్ని డైవ్‌ల అనుభవం, ఏ స్థాయి కార్డు అడుగుతారు?"
"నీటి అడుగున కెమెరా వాడటానికి ఎటువంటి అర్హత కావాలి?"
"అత్యవసరమైతే దగ్గరలోని రీకంప్రెషన్ చాంబర్ (డైవింగ్ జబ్బుకు చికిత్స చేసే ఒత్తిడి గది) ఎక్కడ ఉంది, అక్కడికి ఎలా తీసుకువెళ్తారు?"

కెమెరా ప్రశ్న అనవసరమని అనుకోకండి. థాయ్‌లాండ్ 2025లో నీటి అడుగున కెమెరా పట్టుకునే డైవర్లకు అనుభవపు అర్హతలు పెట్టింది.

జవాబు రాతపూర్వకంగా ఉంటే మంచిది. అయినప్పటికీ, కేంద్రంవారు సరేనన్నారన్న మాట చట్టం ముందు మీకు రక్షణ కాదని గుర్తుంచుకోండి. కేంద్రం చెప్పింది, ప్రభుత్వ ప్రకటన చెప్పింది వేర్వేరుగా ఉంటే రెండింటిలో కఠినమైన దాన్ని పాటించండి.

5. ఒడ్డున ఎలా మెలగాలో నేర్చుకోండి

స్థానిక మాల్దీవుల ద్వీపంలో భుజాలు, మోకాళ్లు కప్పుకుని వీధిలో నడవండి. వెట్‌సూట్‌ను (డైవింగ్‌కు వేసుకునే బిగుతు రబ్బరు దుస్తును) నడుము దాకా దించుకుని దుకాణంలోకి వెళ్లడం అక్కడివారికి ఇబ్బంది కలిగిస్తుంది. మన లుంగీ ఇక్కడ బాగా పనికివస్తుంది. అక్కడి మగవారు సంప్రదాయంగా కట్టే ముండు కూడా అటువంటిదే. బాలిలో గుడికి వెళ్లేటప్పుడు నడుముకు చుట్టుకోవడానికీ అదే చాలు, పైన కట్టే పట్టీ ఒకటి అదనంగా కావాలి. అన్నట్టు, మాల్దీవుల్లో పడవను ధోనీ అంటారు. మన దోనె గుర్తుకు వచ్చే ఆ మాట వినగానే నాకు ఆ నీళ్లు కొంచెం సొంతవిగా అనిపించాయి.

మాల్దీవుల్లో శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు, కార్యాలయాలు మూసి ఉంటాయి. శుక్రవారాల్లో ప్రభుత్వ ఫెర్రీలు సాధారణంగా నడవవు. ఆ రోజు ద్వీపం మారేలా ప్రణాళిక వేసుకోకండి. రంజాన్ మాసంలో పగటిపూట వీధిలో తినడం, తాగడం, పొగ తాగడం కూడదు. డైవ్ ముగిశాక నీళ్లు తాగడం ఆరోగ్యానికి అవసరమే కాబట్టి పడవ మీద ఎక్కడ తాగవచ్చో ముందే అడగండి. ఉపవాసంతో ఉన్న పడవ సిబ్బంది ఎదుట కాకుండా కాస్త పక్కకు జరిగి తాగితే వారు దాన్ని గమనిస్తారు, గౌరవిస్తారు.

థాయ్‌లాండ్‌లో ఎవరి తలనూ తాకకూడదు, కాళ్లు ఎవరి వైపూ చాచకూడదు. ఇవి మనకు కొత్త కావు. పడవలో అందరూ నేల మీద కూర్చున్నప్పుడు ఈత రెక్కలు (ఫిన్స్) కాళ్లకు తగిలించుకునే హడావిడిలో మరిచిపోతాం, అంతే. అక్కడి రాజవంశాన్ని కించపరిచే మాటకు ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. సోషల్ మీడియాలో పెట్టిన వ్యాఖ్యకూ అది వర్తిస్తుంది. ఆ విషయం జోలికి అసలు పోకండి.

6. బ్రీఫింగ్‌లో (దిగే ముందు గైడ్ ఇచ్చే వివరణలో) సైగలు, కొలతలు సరిపోల్చుకోండి

మాతో వచ్చిన ఒక యువకుడు 18 మీటర్ల లోతులో ఉండగా గైడ్ "బాగున్నావా?" అని వేళ్లతో సైగ చేశాడు. ఆ అబ్బాయి మన ఇళ్లలో "ఆ, బానే ఉంది" అన్నట్టు తలను అటూ ఇటూ ఊపాడు. మాల్దీవుల గైడ్‌కు అది "లేదు" అన్నట్టు కనిపించింది. ఏదో ఇబ్బంది ఉందనుకుని అతని బీసీడీ (గాలి నింపి తేలేలా చేసే జాకెట్) పట్టీ పట్టుకుని మొత్తం బృందాన్ని పైకి తీసుకువచ్చాడు. ఆ గైడ్ చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. నీటిలో తలతో సమాధానం చెప్పకండి. చేత్తో మాత్రమే చెప్పండి. బొటనవేలు పైకి చూపితే మన దగ్గర "భేష్" అని అర్థం, నీటిలో "పైకి వెళ్దాం" అని అర్థం. ఈ రెండు అలవాట్లనూ ఇంట్లో అద్దం ముందే మార్చుకుని వెళ్లండి.

సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని కొన్నిచోట్ల బార్‌లో, అమెరికా వంటి చోట్ల పీఎస్ఐలో చెబుతారు. 200 బార్ అంటే దాదాపు 2,900 పీఎస్ఐ, 50 బార్ అంటే దాదాపు 725. మీ గేజ్ ఏ కొలతలో ఉందో గైడ్‌కు చూపించి, సగం గాలిని, తిరుగు ప్రయాణపు గాలిని ఏ సైగతో చెప్పాలో అడగండి.

బ్రీఫింగ్ చివర "అర్థమైందా?" అని అడిగితే, అర్థం కాకపోయినా పదిమందిలో మొహమాటపడి "ఆ" అనేయడం మనకున్న చెడ్డ అలవాటు. దానికి బదులుగా విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "30 మీటర్లు దాటకూడదు, 100 బార్ దగ్గర చెప్పాలి, ఎడమ గోడ వెంబడి వెళ్లాలి, అంతేనా?" ఇందులో తేడా ఉంటే గైడ్ అక్కడికక్కడే సరిదిద్దుతాడు.

7. నీటిలో దేనినీ తాకకండి, తేకండి

సొరచేపల వేటను మాల్దీవులు 2010లో నిషేధించాయి. తాబేళ్లు, తిమింగలపు సొరలు, మంటా రేలు కూడా రక్షిత జీవులే. చేపను వేటాడే ఈటెలు నిషిద్ధం.

మునిగిన ఓడల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. శ్రీలంకలోని బట్టికలోవా తీరంలో హెచ్ఎంఎస్ హెర్మీస్ అనే బ్రిటిష్ నౌక 50 మీటర్లకు మించిన లోతున పడి ఉంది. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు దానిని ముంచాయి. 300 మందికి పైగా చనిపోయారు. అంతకు 3 రోజుల ముందు, అదే దాడుల వరుసలోనే, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఇటువంటి నౌకలు సమాధులతో సమానం. అక్కడి నుంచి ఒక గుండీ తెచ్చుకోవడం కూడా చనిపోయినవారి పట్ల అపచారం, చాలా దేశాల్లో నేరం.

8. తిరుగు ప్రయాణంలో రెండు చట్టాలు చూడండి

ఒకసారి మాల్దీవుల ఒడ్డున ఇసుకలో దొరికిన గవ్వను నేను గుప్పిట్లో పెట్టుకుంటే, ధోనీ నడిపే పెద్దాయన నా వేళ్లు మెల్లగా విప్పి, దాన్ని తిరగేసి చూపించాడు. లోపల చిన్న పీత ఒకటి కాళ్లు ముడుచుకుని ఉంది. ఆయన ఏమీ అనకుండా గవ్వను తిరిగి ఇసుకలో పెట్టాడు. పగడం, నల్ల పగడం, తాబేలు చిప్ప ఆ దేశం దాటించకూడదు. ఇటు చూస్తే పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల గవ్వలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్నవే. కాబట్టి అక్కడ దుకాణంలో రసీదుతో కొన్నా శంషాబాద్‌లో ఇబ్బంది తప్పకపోవచ్చు.

విమానానికి ముందు ఒక్క డైవ్ చేసి ఉంటే కనీసం 12 గంటలు, వరుసగా పలు డైవ్‌లు చేసి ఉంటే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే 24 గంటలు ఆగమంటాను. రిసార్టు నుంచి మాలేకు వచ్చే సీప్లేన్ కూడా విమానమేనని లెక్కించండి.

విదేశాల నుంచి అండమాన్‌లో డైవింగ్ కోసం వచ్చే మనవారు ఉపగ్రహ ఫోన్లను, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలను తీసుకురావద్దు. అనుమతి లేకుండా వాటిని తెచ్చినవారిని మన విమానాశ్రయాల్లో అరెస్టు చేసిన సందర్భాలు ఉన్నాయి.

తరచూ జరిగే పొరపాట్లు

పాత వీడియో చూసి నియమాలు రాసుకోవడం వీటిలో మొదటిది. వేపింగ్, సన్‌స్క్రీన్, కెమెరా నియమాలన్నీ ఈ మధ్య సంవత్సరాల్లో వచ్చినవే, కాబట్టి ప్రయాణానికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడండి. పక్కవాడు చేస్తున్నాడు కదా అని తానూ చేయడం రెండోది. అతని దగ్గర అనుమతి ఉండవచ్చు, లేదా రేపు అతనికే జరిమానా పడవచ్చు. చిన్న డబ్బు ఇచ్చి బయటపడవచ్చనుకోవడం అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే లంచం ఇవ్వజూపడం మరో నేరంగా మీ మీద పడుతుంది. పోలీసులు ఆపితే వినయంగా మాట్లాడండి, అర్థం కాని భాషలోని కాగితం మీద సంతకం పెట్టకండి, భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయనివ్వమని అడగండి. మాలేలో మన హైకమిషన్ ఉంది. ఆ నంబరు మీ కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

సిద్ధమయ్యారో లేదో ఇలా సరిచూసుకోండి

కాగితాన్ని తిరగేసి పెట్టి, ఇంట్లో ఒకరిని కింది ప్రశ్నలు అడగమనండి. నేను దిగే చోట గరిష్ఠ లోతు ఎంత? అక్కడ చేతికి, ఒంటికి ఏం వేసుకోకూడదు? ఏ రోజు పడవ నడవదు? నా సంచిలోని ప్రతి మాత్ర పేరు ఏమిటి, దానికి చీటీ ఎక్కడ ఉంది? విమానం మారే దేశంలో ఏది నిషిద్ధం? చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య ఎన్ని గంటలు? ఒక్కదానికైనా "అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్న జవాబు వస్తే, ఆ మెట్టుకు తిరిగి వెళ్లి పూర్తి చేసి, ఆ తరువాతే సంచి మూయండి.